వెనక్కి పిలిచిన పిల్ల

ఉదయశ్రీ మా ఇంటి పై గదిలో కిరాయికి చేరి ఆరు నెలలైంది. జనగామ దగ్గరి పల్లె వాళ్లది. విమానాలకు నేల మీద నుంచి దారి చెప్పే ఉద్యోగానికి ఎంపికై, రోజూ బేగంపేటకు శిక్షణకు పోతుంది. ఆ సోమవారం సాయంత్రం ఆమె మా చిక్కడపల్లి సందులోకి తలవంచుకుని రావడం చూశాను. ఎవరలా వచ్చినా ఏదో చావు కబురే అనుకుంటాను నేను.

చావు కాదు, పరీక్ష తప్పింది.

శిక్షణలో నిజం విమానాలుండవట. తెర మీద చుక్కలుంటాయి. పక్క గదిలో రిటైరైన పైలట్ సూర్యప్రకాశరావు గారు కూర్చుని ఆ చుక్కల తరఫున మాట్లాడతారు. ఈ పిల్ల చెప్పిన మాటను ఆయన తిరిగి అప్పజెప్పాలి. తప్పు అప్పజెప్తే ఈమె వెంటనే ఆపి దిద్దాలి. ఆరు వేల అడుగుల దగ్గర ఆగమంటే, ఐదు వేలకు దిగుతున్నానని ఆయన కావాలనే తప్పు చెప్పారు. ఆమెకు స్పష్టంగానే వినిపించింది. అయినా ఊరుకుంది. రెండు చుక్కలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేశాయి.

ఎందుకు ఊరుకున్నావని అడిగితే గోడకేసి చూస్తూ చెప్పింది.

"తాత వయసు ఆయనది, అమ్మమ్మా. తప్పు చెప్పిన్రని మొఖం మీద ఎట్లనాలె? పెద్దోళ్ల మాటకు అడ్డం రావద్దు, పోయేటోళ్లను ఎనక నుంచి పిలువద్దు అనే కదా ఇంట్ల నేర్పిన్రు."

శుక్రవారం మళ్లీ పరీక్ష. అదీ తప్పితే ఉద్యోగం ఉండదు.

ఆ రెండో మాట నాకు లోపలెక్కడో తగిలింది. మా ఆయన మందుల డబ్బా మరిచిపోయి గేటు దాటుతుంటే, బయల్దేరిన మనిషిని పిలిస్తే కీడని చూస్తూ నిలబడ్డాను. ఆ ప్రయాణం నుంచి ఆయన తిరిగి రాలేదు.

మర్నాటి నుంచి నేనే పైలట్‌ని. నేను పలకాల్సిన మాటలు ఉదయశ్రీ తెలుగులో రాసిచ్చింది. బడికి పోకుండా, పొట్లాం కాగితాల మీద కూడబలుక్కుని నేర్చుకున్న చదువు నాది. అయినా విమానాన్ని బాగానే నడిపాను. నేను వంటింట్లో, ఆమె మెట్ల మీద. కావాలని తప్పులు చెప్పేదాన్ని. ఆమె ఎంత మెత్తగా దిద్దేదంటే, దిద్దినట్టు నాకే తెలిసేది కాదు. విమానం ఈపాటికి కూలిపోయి ఉంటుందని నేనంటే నవ్వేది. రెండు రోజులు అలాగే పోయాయి.

గురువారం పొద్దున చెప్పులేసుకుని, చేతిసంచీ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ఈ రోజు విమానం నిజంగానే కదులుతుంది, ఎటు పోవాలో చెప్పమన్నాను. ఎడమకు తిరిగి అశోక్‌నగర్‌లో లైబ్రరీ దాకా పోయి ఆగమంది. కుడికి తిరిగి నారాయణగూడ పోతున్నానని అప్పజెప్పి, నడక మొదలుపెట్టాను. ఆపితేనే ఆగుతానని ముందే చెప్పాను.

వెనక చెప్పుల చప్పుడు వినిపిస్తోంది, మాట మాత్రం లేదు. పూలబండి పెంటమ్మ మమ్మల్నిద్దరినీ చూసి, అలిగి పోయే అత్త వెనక కోడలు పోయినట్టుందని ఎగతాళి చేసింది. మెయిన్ రోడ్డు ఎక్కేసరికి నా మోకాళ్లు సలపడం మొదలుపెట్టాయి. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర బస్సులు, ఆటోలు, స్కూటర్లు. ఆ రోడ్డు నేను ఒంటరిగా దాటి పదేళ్లయింది. నిజంగానే భయమేసింది. కళ్లు మూసుకుని ఒక కాలు ఫుట్‌పాత్ నుంచి కిందికి దించాను.

"ఆగు. నువ్వు చెప్పింది తప్పు. ఎడమకు, అశోక్‌నగర్. మళ్లీ చెప్పు."

ఆ గొంతు ఆమెదేనా అని కాలు వెనక్కి తీసుకుని తిరిగి చూశాను. పక్కనే పోతున్న ఆటో అతను బ్రేకు వేసి, తననే అన్నదనుకుని, అశోక్‌నగర్‌కే పోతున్న మేడమ్ అని వివరం చెప్పుకున్నాడు. నేను మాట పొల్లు పోకుండా తిరిగి అప్పజెప్పాను. అప్పటికి ఉదయశ్రీకి తెలివొచ్చి, నన్ను నువ్వు అన్నందుకు నాలుక కరుచుకుంది. నాకు నవ్వాగలేదు. ఆ ఆటోలోనే ఇంటికొచ్చాం.

శుక్రవారం మూడింటికే నారాయణగూడ బస్టాపుకు పోయి నిలబడ్డాను. ఇన్నేళ్లలో బస్టాపుకు మనుషుల్ని సాగనంపడానికే వచ్చాను. ఎదురుచూడటానికి రావడం అదే మొదలు. నాలుగు బస్సులు పోయాయి. ఐదోది ఇంకా ఆగకముందే ఉదయశ్రీ ఫుట్‌బోర్డు మీదికి వచ్చి, పాస్, అమ్మమ్మా, పాస్ అని చెప్పేసింది. దిగినాక చెప్పరాదా అని కండక్టర్ కసిరాడు.

సూర్యప్రకాశరావు గారు ఈసారి మూడు తప్పులు చెప్పారట. మూడుసార్లూ ఆయన మాట పూర్తి కాకముందే ఆపిందట. పరీక్షయ్యాక ఆయన పక్క గదిలోంచి ఆమెను చూడటానికే లేచి వచ్చారట.

"మా ఆవిడ కూడ నన్ను ఇంత గట్టిగ ఎన్నడు ఆపలేదమ్మా, అన్నరు," అంది ఉదయశ్రీ.

ఇక ఉద్యోగం ఏ ఊళ్లో వేస్తారో నెల తర్వాత తెలుస్తుందట. ఆ దిగులును రేపటికి పెట్టుకున్నాను. మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడి ఇద్దరం తిన్నాం. కారానికి కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే ఒకరినొకరం చూసుకుని నవ్వుకున్నాం. నేను మూడో బజ్జీ మీద చెయ్యి వేయబోతుంటే, నీకు బీపీ ఉన్నది, రెండు చాలు అంటూ ఉదయశ్రీ నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఏ మొహమాటమూ లేకుండా, బండి చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేలా.