ఫోన్ మోగితే లేచే సుక్కి

సుక్కికి రోగం కిడ్నీల్లో ఉందని కామారెడ్డి డాక్టర్ చెప్పాడు గానీ, సాయిలతకు మాత్రం అసలు రోగం షార్జాలో ఉన్నట్టనిపిస్తోంది. ఆ రోగం పేరు శ్రావణ్. ఆమె మొగుడు. అక్కడ వ్యాను నడుపుతాడు. రోజూ మధ్యాహ్నం వీడియో కాల్ చేసి, పెళ్లాం తిన్నదా లేదా అని మాటవరసకైనా అడగకుండా "సుక్కిని సూపియ్యి" అంటాడు.

సుక్కి అతను పెళ్లికి ముందు పాలు పట్టి పెంచుకున్న పిల్లి. పద్నాలుగేళ్లు దాటాయి. ఇప్పుడు ఎముకల మీద బొచ్చు కప్పినట్టుంది. నీళ్లు తాగితే కక్కుతుంది, పడుకున్న చోటే తడుపుతుంది. ఎల్లారెడ్డిలో జాకెట్లు కుట్టుకుని బతికే సాయిలతకు కుట్టుపని కంటే పిల్లి గుడ్డలు ఉతికే పనే ఎక్కువైపోయింది. రోజు విడిచి రోజు చర్మం కింద సెలైన్ ఎక్కించాలి. సూది గుచ్చితే అది అరవడం కూడా మానేసింది. ఆమెకు అదే ఎక్కువ బాధ. కరిచినా బాగుండేది.

డాక్టర్ పోయినసారే తేల్చేశాడు. "ఇగ మందులతోటి అయ్యేది లేదమ్మా. ఒక్క సూదితోటి నొప్పి లేకుంట పోతది. ఇంట్ల మాట్లాడుకోండ్రి."

మాట్లాడుకోవాలట! ఎవరితో? పొద్దంతా కదలకుండా పడుండే ఆ పిల్లి మహాతల్లి, ఫోన్లో "సుక్కీ!" అన్న పిలుపు వినబడితే చాలు, వణికే కాళ్ల మీద లేచి నిలబడి, ఉన్న సత్తువంతా పెట్టి అరుస్తుంది. ఫోన్ పెట్టేయగానే కుప్పకూలుతుంది.

"మంచిగనే ఉన్నది గదనే! నువ్వే ఉత్తగ ఆగమైతున్నవ్," అంటాడు శ్రావణ్. "దసరాకొస్త. అప్పటిదాంక ఉంచు."

"ఉంచుడేంది? ఫ్రిజ్జుల పెట్టిన కూరనా?"

ఆమె ఎంత మొత్తుకున్నా, పిల్లిని వదిలించుకోవడానికే ఇదంతా అని అతని అనుమానం. పైకి అనడు. అననందుకే ఆమెకు ఇంకా ఒళ్లు మండేది.

ఆదివారం నాడు ఓపిక నశించింది. ఫోన్ మోగింది, సుక్కి లేచింది, అరిచింది. అతను "మంచిగనే..." అనేలోపే సాయిలత ఫోన్‌ను దారాల డబ్బాకు ఆనించి పెట్టింది.

"ఇయ్యాల నీకు సుట్టి గదా, డ్యూటి లేదు. కట్ చెయ్యకు. నోరు మూసుకొని సూడు," అని మిషన్ దగ్గరికి పోయింది.

అతను చూశాడు. సుక్కి కూలబడింది. చాలాసేపటికి నీళ్ల గిన్నె వైపు జరగబోయింది. గిన్నె జానెడు దూరమే. ఆగుతూ ఆగుతూ పాకి, తల గిన్నె అంచు మీద వాల్చి, తాగలేక అట్లాగే ఉండిపోయింది. సాయిలత లేచి వచ్చి, వేలు తడిపి దాని మూతికి నీళ్లు రాసింది. కింద గుడ్డ మార్చింది. ఫోన్ వైపు చూడలేదు. చూస్తే తిట్టేదే.

"లతా," అన్నాడు చివరికి. ఆ గొంతుకు సుక్కి మళ్లీ తల ఎత్తబోయింది. "రోజు గిట్లనేనా?"

"గిట్లనే. నీ మాట ఇనబడ్డప్పుడే జర లేస్తది."

అతను తెరకు దగ్గరగా వంగి సుక్కినే చూశాడు. తర్వాత, "తీస్కపో," అన్నాడు మెల్లగా.

మర్నాడు బుట్టలో పాత చీర పరిచి, సుక్కిని పడుకోబెట్టుకుని కామారెడ్డి బస్సెక్కింది. పిల్లికి కూడా దవాఖానా అని పక్కసీటు ఆయన నవ్వితే, ఒక్క చూపు చూసింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

డాక్టర్ బల్ల దగ్గర సూది సిద్ధం చేస్తుంటే ఆమె వీడియో కాల్ కలిపింది. శ్రావణ్ వ్యాను పక్కకు ఆపుకుని కూర్చున్నాడు. కళ్లు తుడుచుకుంటున్నాడే గానీ నోరు తెరవడు.

"పిలువు. ఆఖరిసారి," అంది. అతను తల అడ్డంగా ఊపాడు.

సాయిలతకు మళ్లీ మండింది. ఇన్నాళ్లూ వాడకట్టంతా వినేలా పిలిచినవాడికి ఇప్పుడు నాలుక పడిపోయిందా! "ఏందయ్యా నువ్వు? సారు ఆగుతున్నడు. ఒక్క మాటన్న అనవా?"

అతను తల వంచుకుని ఏదో టైపు చేశాడు. తెర మీద మెసేజ్ వచ్చింది.

'నేను పిలిస్తే మళ్ల లేస్తది. పండుకోనియ్యి.'

ఆమెకు ఏడుపు ఆగలేదు. అతనికి కనబడేలా ఫోన్‌ను సుక్కి మొహానికి దగ్గరగా పట్టుకుంది. ఇంకో చేత్తో దాని తల నిమురుతూ, "కానియ్యండి సార్," అంది.