కర్పూరం ఆర్పిన బండి

ఒగేనకల్లులో కావేరి పొంగి, పరిసెలు, అంటే గుండ్రటి పుట్లు, నడిపేవాళ్ళ గుడిసెలన్నీ ఊడ్చుకపోయిన వరద ఒకటి వచ్చింది గదా, ఆ వరద మరుసటి ఎండాకాలంలో జరిగినాది ఇది. ఆ సంవత్సరం బావులన్నీ నిండి ఉండినా ఎండ మటుకు ఎవరినీ విడవలేదు. ధర్మపురి బస్టాండు ముందర తారు కరిగి చెప్పులకు అంటుకుంటా ఉండింది.

సోగత్తూరు ఎల్లప్పన్‌కు ఒక పాత వ్యాను ఉండింది. అట్లాంటి బండి చేసేదే నిలిపేసి చానా కాలమైంది. సామాన్లు యాడా దొరకవు. ఒక బోల్టు పోతే ఇంకో బండి బోల్టు తెచ్చి, అరగదీసి బిగించుకోవాల. దాంట్లో ఎల్లప్పన్‌కు విసుగు లేదు. ఏదన్నా విరిగితే దాని పక్కన కూర్చొని, ఇది ఎట్ల పని చేస్తా ఉండె, ఎందుకు విరిగె అని తిప్పి తిప్పి చూస్తాడు. అట్ల చూస్తా ఉంటే అన్నానికి పిలిచినా వినపడదు. మనిషికి మాట తక్కువ. అడిగితే బదులు చెప్తాడు. ఒక్కోసారి అదీ లేదు.

ఆ బండికి దొరికిన పని ఒకటే. మునియక్క అని సోగత్తూరులోనే ఒక మేస్త్రి. ఆడోళ్ళను, మగోళ్ళను జతచేసి కట్టడం పనికి తీసకపోతాది. అప్పుడు తొప్పూరు కణవాయి, అంటే ఆ కొండ కనుమ, దిగినాక సేలం దారిలో ఒక పెద్ద గోడౌను కడతా ఉండారు. ఎల్లప్పన్ ఆ గుంపును పొద్దున కొండదారిలో కిందికి తీసకపోయేది, సాయంకాలం అదే కొండదారిలో పైకి తెచ్చేది. దిగేటప్పుడు బండి బాగానే ఉంటాది. ఎక్కేటప్పుడు సగం దారికే ఇంజను కాగి, రేడియేటరు మూత కాడ బుస్సుమని ఆవిరి లేస్తాది. అందరూ దిగాల. అది చల్లబడేదాకా కోతులను చూస్తా రాళ్ళ మీద కూర్చోవాల.

"ఎల్లప్పన్నా, నీ బండి మమ్మల్ని మోస్తా ఉందా, మేము నీ బండిని మోస్తా ఉన్నామా?" అని మునియక్క అడుగుతాది. గుంపంతా నవ్వుతాది. ఎల్లప్పన్ మూత మీద తడిగుడ్డ వేసి నిలబడతాడు.

ఒక సాయంకాలం అట్ల ఎక్కతా ఉంటే బానెట్టు లోపల టప్పుమని శబ్దం వచ్చింది. ఇంజను ముందర ఉండే ఇనప ఫ్యాను రెక్క ఒకటి విరిగి, బానెట్టును సొట్టపెట్టి యాడనో పడిపోయినాది. ఆ దినం గుంపు లారీ ఒకటి ఆపి ఎక్కి, ఇల్లు చేరేతలికి ఊరంతా తిని పడుకొని ఉండింది. పొన్ని అని ఒక చిన్నది, దానికి పాలు తాగే బిడ్డ. బిడ్డ ముసలమ్మ దగ్గర ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినాడు.

మునియక్క నవ్వే మనిషే, ఆ దినం నవ్వలేదు.

"ఇంక చూడు అన్నా. పనికి పోయేది కడుపు నింపుకొనేదానికి, బిడ్డను ఎండగట్టేదానికి కాదు. ఈ శుక్రవారం దాకా నీకు టైము. శుక్రవారం కూడా కణవాయిలో బండి నిలిపి దించినావంటే, శనివారం నుంచి పెరియంపట్టి మాదేశన్ ట్రాక్టరు. కోపం పడొద్దు."

ఎల్లప్పన్ కోపం పడలేదు. ఆ గుంపు పోతే బండికి వేరే పని లేదని ఆయనకు తెలుసు. పాత ఇనుము కొనేవాడు అప్పటికే ఒకసారి వచ్చి, బండి చుట్టూ తిరిగి, టైర్లను కాలితో తన్ని చూసి పోయినాడు.

ఆ ఫ్యాను కోసరం సేలం దాకా వెతికినా దొరకలేదు. ఆయన చెల్లెలి కొడుకు తిమ్మరాయన్‌కు సేలం రోడ్డులో మెకానిక్ షెడ్డు ఉంది. వాడు బుధవారం గోనెసంచిలో ఏందో తెచ్చి దబ్బుమని కింద పెట్టినాడు.

"మామా, ఇదో చూడు. కొత్తగా వచ్చినాయి గదా చిన్న కార్లు, దాంట్లోది. చింతచెట్టును గుద్దుకొని కారు నలిగిపోయినాది. ఇది మటుకు గీత పడకుండా ఉంది."

సంచిలో ఒక ప్లాస్టిక్ ఫ్యాను, దాని వెనక చిన్న మోటారు, రెండు వైర్లు. ఇంకా ఒక తెల్ల నీళ్ళ డబ్బా. రేడియేటరులో నీళ్ళు కాగి పొంగితే ఆ డబ్బాలోకి పోతాయంట. చల్లబడినాక మళ్ళా అవే లోపలికి పోతాయంట.

"అవే పోతాయా?"

"అవే పోతాయి."

"ఎవురు పంపిస్తారు?"

తిమ్మరాయన్ తల గోక్కున్నాడు. "నువ్వు అట్లంతా అడిగితే నేను షెడ్డు మూసుకోవాల మామా. పోతాయి, అంతే."

ఫ్యానుకు బెల్టు లేదు. అది ఎల్లప్పన్‌కు ఇంకా ఆశ్చర్యం. ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్సుకు, నల్ల వైరు మైనస్సుకు తాకించినాడు. జుయ్యిమని తిరిగి, గాలి ముఖానికి కొట్టింది. ఇంజను నిలిచి ఉన్నా ఇది తిరుగుతాదన్న మాట. పాత ఫ్యాను ఇంజనుతో తిరిగేది. కొండ ఎక్కేటప్పుడు బండి మెల్లగా పోతాది, ఫ్యానూ మెల్లగా తిరుగుతాది, అదే సమయానికి ఇంజను కాగుతాది. దానికి గాలి కావాల్సినప్పుడే గాలి లేదు. ఇన్నేండ్లు ఆ ఫ్యానును చూస్తా ఈ సంగతి నాకు తోచలేదే అని ఎల్లప్పన్ చానాసేపు కూర్చున్నాడు.

కొత్త ఫ్యాను పాత రేడియేటరు వెనక నిలబడేదానికి పట్టీలు కావాల. మంచం పట్టీ ఇనుము కోసి, వంచి, సైకిల్ ట్యూబు ముక్కలు అడ్డం పెట్టి బిగించినారు. డబ్బాను పక్కన కట్టినారు. వైర్లు తిమ్మరాయన్ కలిపినాడు. నల్లది బండి బాడీకి, ఎర్రది కొత్తగా పెట్టిన స్విచ్చుకు. ఆ కారులో ఎట్ల ఉండెనో అట్లే. ఇంజను స్టార్టు చేసి, స్విచ్చు వేసి, టీ తాగి, ఇంకో టీ కూడా తాగినారు. వేడి చూపే సూది సగంలోనే నిలిచింది. బుస్సు లేదు, ఆవిరి లేదు.

"పో మామా, ఏర్కాడు కొండ కూడా ఎక్కు," అన్నాడు తిమ్మరాయన్.

గురువారం పొద్దున గుంపు ఎక్కింది. ఊర్లో బండి బాగానే పోయినాది. నల్లంపల్లి దాటినాక నేరుగా ఉండే రోడ్డు. బండి వేగం అందుకుంది. అప్పుడు సూది మెల్లగా లేచింది. ఎల్లప్పన్ దాన్నే చూస్తా ఉండాడు. ఇంతకుముందు ఈ రోడ్డులో ఎప్పుడూ కాగింది లేదు. ఎదురుగాలి ఇంత కొడతా ఉంటే చల్లబడాల గదా, వేడెక్కేది ఏంది?

పక్కన కూర్చున్న మునియక్క చెవులు మూసుకుంది. "ఆ జుయ్యి జుయ్యి ఏందన్నా, రైసుమిల్లులో కూర్చున్నట్ల ఉంది. కాసేపు ఆపు."

ఎల్లప్పన్ స్విచ్చు ఆపినాడు. సూది దిగింది.

వేసినాడు. లేచింది. ఆపినాడు. దిగింది.

"ఏంది ఆడుకుంటా ఉండావు?"

"ఫ్యాను ఆపితే చల్లబడతా ఉంది."

"అయితే ఆ ఫ్యాను ఎందుకు పెట్టినావు?"

ఎల్లప్పన్ స్విచ్చు ఆపి బండి నడిపినాడు. నిలిచి ఉంటే పని చేసే ఫ్యాను, పరిగెత్తితే వేడి చేసే ఫ్యాను. దినమంతా గోడౌను నీడలో బండి ముందర గొంతు కూర్చొని దాన్నే చూసినాడు. సాయంకాలం కణవాయి సగంలో, ఎప్పుడూ నిలిచే వంపు కాడికి రాకముందే, తెల్ల డబ్బా గుడగుడమంది. ఆవిరి లేచింది. అందరూ దిగినారు. పొన్ని చీర కొంగు రొమ్ముకు అదుముకొని రాయి మీద కూర్చుంది.

"రేపు ఒక్క దినం అన్నా," అంది మునియక్క.

శుక్రవారం పొద్దున ఆ యమ్మే నిమ్మకాయ, కుంకుమ, కర్పూరం తెచ్చింది. "కొత్త సామాను పెట్టినావు, పూజ చెయ్యలేదు. అందుకే ఇట్ల. బండి స్టార్టు చెయ్యి."

ఎల్లప్పన్ స్టార్టు చేసి స్విచ్చు కూడా వేసినాడు. మునియక్క బండి ముందర జాలీకి కుంకుమ పెట్టి, తమలపాకు మీద కర్పూరం వెలిగించి, చుట్టూ తిప్పేదానికి చెయ్యి ఎత్తింది. కర్పూరం ఆరిపోయినాది. గాలేమో అని కొంగు అడ్డం పెట్టి మళ్ళా వెలిగించింది. జాలీ దగ్గరికి తెచ్చేతలికి ఆరిపోయినాది. మూడోసారి వెలిగించింది. అదీ ఆరిపోయినాది.

ఎక్కి కూర్చున్నోళ్ళంతా ఒక్కొక్కరే దిగినారు. ఎవరూ దిగమని చెప్పలేదు.

"హారతినే వద్దంటా ఉంది గదక్కా!"

"ఈ బండిలో ఈ దినం కణవాయి దిగితే మళ్ళా ఎక్కేది లేదు."

మునియక్క ఆకు కింద పెట్టింది. "పొన్నీ, నువ్వు పోయి మాదేశన్‌కు కబురు చెప్పి రా. ట్రాక్టరు తెమ్మను."

ఎల్లప్పన్ మటుకు వాళ్ళ మాట విన్నట్టే లేదు. బండి ముందర గొంతు కూర్చొని అరచెయ్యి జాలీకి ఆనించినాడు. వెచ్చని గాలి చేతికి కొట్టింది. జేబులో ఉండే బీడీ కట్ట మీది కాగితం చించి జాలీ మీద పెట్టినాడు. కాగితం ఎగిరి మునియక్క కాళ్ళ దగ్గర పడింది.

ఆయన లేచి, కాగితం ఏరుకొని, రోడ్డుకు అవతల టీ అంగడి ముందర ఇంజను ఆపకుండా నిలిపిన లారీ దగ్గరికి పోయినాడు. దాని జాలీ మీద కాగితం పెట్టినాడు. కాగితం బల్లి మాదిరి కరుచుకొని నిలిచింది.

లారీ డ్రైవరు టీ గ్లాసుతో వచ్చి అరవంలో అడిగినాడు, "ఏం పెద్దాయనా, నా బండికి పోస్టరు అంటిస్తా ఉండావా? ఏ కట్చి? ఏ పార్టీ?"

"ఏ కట్చీ లేదు. నీది లోపలికి పీలుస్తా ఉంది."

"మరి?"

"నాది బయటికి ఊదతా ఉంది."

లారీ డ్రైవరు ఆయన్ను పైనుంచి కిందికి చూసి, టీ తాగేదానికి వెళ్ళిపోయినాడు.

రోడ్డు దాటి వచ్చేటప్పుడే ఎల్లప్పన్‌కు విషయం తగిలింది. ఎదురుగాలి లోపలికి రావాలని చూస్తాది, ఫ్యాను బయటికి తోస్తాది. రెండూ వాకిట్లో తగువులాడుకుంటా ఉంటే రేడియేటరుకు ఏదీ దక్కదు. మరి మొన్న చేత్తో తాకించినప్పుడు సరిగ్గా తిరిగిందే? అప్పుడు ఎర్రది ప్లస్సులో ఉండె. ఇప్పుడు... ఆయన బ్యాటరీ మూత ఎత్తినాడు. ఆయన బండిలో బాడీకి బిగించిన లావు వైరు ప్లస్సుది. ఆ కాలం బండ్లు అట్లే వచ్చేవి. కొత్త కార్లలో బాడీకి పోయేది మైనస్సు. ఇరవై ఏండ్లుగా ఆ బ్యాటరీని ఎక్కించి దించిన మనిషి, ఆ సంగతి తెలిసీ, నల్ల వైరు బాడీకి బిగిస్తా ఉంటే పక్కన స్పానరు పట్టుకొని నిలబడినాడు. వైర్లు తారుమారైతే ఈ మోటారు ఎదురు తిరుగుతాదన్న మాట.

రెండు వైర్లూ ఊడదీసి మార్చినాడు. ఎర్రది బాడీకి, నల్లది స్విచ్చుకు.

"అక్కా, ఇంకొక కర్పూరం."

"ఇంక నా చేత కాదు. నువ్వే వెలిగించుకో."

ఆయనే వెలిగించినాడు. మంట ఒక్కసారి ఊగి, తల వంచి, జాలీ లోపలికి వాలింది. ఆరలేదు. గుంపు దగ్గరికి వచ్చింది. మునియక్క వంగి చూసింది. లోపలికి, బయటికి రెండు సార్లు చూసింది.

"ఇప్పుడు మింగతా ఉంది గదన్నా!"

"మింగాల."

"ఇంతసేపు సామిని ఉమ్మేసి, ఇప్పుడు మింగుతాదా? ఏం చేసినావు?"

"రెండు వైర్లు మార్చినాను."

ఆ యమ్మ ఆయన ముఖం చూసింది, మంట చూసింది, పొన్నిని చూసింది. పొన్ని ఇంకా పోలేదు, ఎవరేం చెప్తారోనని నిలబడి ఉండింది. "సరే, ఎక్కండి. సాయంకాలం దాకా మాట ఇచ్చినాను, సాయంకాలం దాకా నా మాట."

నల్లంపల్లి నేరు రోడ్డులో సూది లేవలేదు. అయినా ఎవరూ నమ్మలేదు. సాయంకాలం కణవాయి మొదట్లో ఆడోళ్ళు ముందే చెప్పులు వేసుకొని, దిగేదానికి చీరలు ఎగగట్టుకొని కూర్చున్నారు. బండి రెండో గేరులో మూలుగుతా ఎక్కింది. సూది సగం దాటింది. ఇంకొంచెం జరిగింది. ఎల్లప్పన్ దాన్ని చూడకుండా రోడ్డు చూసినాడు. చూసేపని మునియక్క చేసింది. ఎప్పుడూ కూర్చునే రాళ్ళు వచ్చినాయి, కోతులు లేచి నిలబడినాయి, రాళ్ళు పోయినాయి. సూది అక్కడే నిలిచి, కొండ పైకి వచ్చినాక మెల్లగా దిగింది.

వెనకనుంచి ఒకామె అరిచింది, "అక్కా, కోతులు మనకోసరం కాచుకొని ఉంటాయి, పాపం!"

గుంపంతా ఒకటే నవ్వు. పొన్ని కూడా నవ్వింది. ఇంకా వెలుతురు ఉండంగానే బండి సోగత్తూరు చేరింది. పొన్ని అది నిలవకముందే దూకి పరిగెత్తింది.

మునియక్క దిగి, తలుపు మూసి, కిటికీలోకి తల పెట్టింది. "రేపు ఆరు గంటలకు."

మరుసటి దినం పొద్దున ఎల్లప్పన్ ముఖం కూడా కడుక్కోకుండా ఇంట్లో ఉండే టేబుల్ ఫ్యాను ముందర కూర్చున్నాడు. రెండు కాళ్ళ ప్లగ్గు పెరికి, ఎడమ కాలు కుడికి, కుడి కాలు ఎడమకు వచ్చేటట్ల తిప్పి పెట్టినాడు. స్విచ్చు వేసినాడు. గాలి ముందుకే వచ్చింది. పెరికి మళ్ళా తిప్పినాడు. అప్పుడూ ముందుకే.

పెండ్లాము పూంగొడి పొయ్యి కాడనుంచి చూసింది. "ఏమయ్యో, అది బాగానే తిరుగుతా ఉంది గదా, దాన్ని ఎందుకు ఏడిపిస్తావు?"

"బండి ఫ్యాను మాదిరి కాదు, ఇది తిప్పి పెట్టినా అట్లే తిరుగుతా ఉంది."

"తిరగకుంటే గదా బాధపడాల?"

అప్పుడు బయటనుంచి మునియక్క గొంతు వచ్చింది. "ఎల్లప్పన్నా! అందరం రోడ్డు మీద నిలబడి ఉండాము. ఒక దినం కొండ ఎక్కినావని ఇంక మేమే వచ్చి నిన్ను లేపుకొని పోవాల్నా?"

ఎల్లప్పన్ చొక్కా తగిలించుకున్నాడు. వాకిలి దాకా పోయి, తిరిగి వచ్చి, టేబుల్ ఫ్యాను ప్లగ్గు పెరికి, వైరు చుట్టి, చంకలో పెట్టుకొని బయటికి నడిచినాడు.

"ఇది ఎవురికన్నా?"

"తిమ్మరాయన్‌కు. ఒక మాట అడగాల."

"అడుగు, పెట్టేది యాడ? ముందర సీటు నాది."

ఆయన ఫ్యానును చేతుల్లో పట్టుకొని ఊరికే నిలబడినాడు. మునియక్క తిట్టుకుంటానే ఎక్కి కూర్చొని, చేతులు చాచి దాన్ని తీసుకొని ఒళ్ళో పెట్టుకుంది. ఎల్లప్పన్ అవతలి పక్క ఎక్కి, బండి స్టార్టు చేసినాడు.