ఎడమకాలు గీత లోపలే పడింది

నిఖిల నిలబడిన ఇనుప మంచె మైదానం మూలన, గోల్ గీతకు సరిగ్గా ఎదురుగా ఉంది. నవంబర్ రెండో శనివారం, మధ్యాహ్నం మూడున్నర. కెనడాలోని హామిల్టన్ ఊరి మీదికి సరస్సు గాలి కోతపెడుతూ వీస్తోంది. రెండు జతల గ్లవుజులు వేసుకున్నా ఆమె వేళ్లు మొద్దుబారిపోయాయి. జూమ్ బటన్ వేలి కింద ఉందో లేదో తలవంచి చూసుకుంటే తప్ప తెలియడం లేదు.

ఆమెది జగిత్యాల. ఏడాది కిందట బ్లాక్‌వెల్ కాలేజీలో బ్రాడ్‌కాస్టింగ్ కోర్సులో చేరింది. ఆ రోజుల్లో కెనడాకు వచ్చిపడుతున్న విద్యార్థులకు అంతు లేదు. బస్సులో తెలుగు, లైబ్రరీలో తెలుగు, ఎక్కడ జాబ్ ఫెయిర్ పెడితే అక్కడ వీధి మలుపు దాటిపోయే లైను, ఆ లైనులోనూ తెలుగే. అలాంటి సమయంలో, కాలేజీ ఆటలను వీడియో తీసే ఒక చిన్న కంపెనీలో ఆమెకు పార్ట్‌టైమ్ దొరికింది. చదువుతున్న చదువుకు సంబంధించిన పని దొరకడం తన బ్యాచ్‌లో తనకొక్కతికే జరిగింది. అందుకే మూడు నెలలుగా ఒక్క షిఫ్ట్ కూడా మానలేదు.

ఫుట్‌బాల్ అంటే మొదట్లో ఆమె కాలితో తన్నే ఆట అనుకుంది. ఇక్కడి ఫుట్‌బాల్‌లో రెండు కొసలూ మొనదేలిన బంతిని చేత్తో విసురుతారు, చేత్తో పట్టుకుంటారు, పట్టుకున్నవాడి మీద పడి కుమ్మేస్తారు. గోల్ గీత అవతల బంతిని పట్టుకుంటే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. పట్టుకున్నాక మొదటి అడుగు పక్క గీతకు లోపల పడాలి, అంతే. ఆ అడుగు ఎక్కడ పడిందో చూపించడమే నాలుగో నంబరు కెమెరా పని. అది నిఖిలది. ఆ ఏడాది నుంచి సెమీఫైనల్, ఫైనల్ ఆటలకు రీప్లే పరిశీలన కొత్తగా పెట్టారు. రెఫరీకి అనుమానం వస్తే పైనున్న గదిలో మరో అధికారి అన్ని కెమెరాలూ తిప్పి చూస్తాడు.

అది సెమీఫైనల్. ఇంకా పదకొండు సెకన్లు ఉన్నాయి. బ్లాక్‌వెల్ ఇరవై నాలుగు, విండ్సర్ నుంచి వచ్చిన సెయింట్ ఆల్బన్ కాలేజీ ఇరవై. విండ్సర్ కుర్రాడు ఒకడు నిఖిల మంచె కిందికే పరుగెత్తుకొచ్చి, గాలిలోకి ఎగిరి, బంతిని రెండు చేతులా గుండెకు హత్తుకుని కింద పడ్డాడు. ఆ మూల చూసుకునే రెఫరీ పరుగున వచ్చి రెండు చేతులూ పక్కకు ఊపాడు. గీత బయట పడ్డాడు, చెల్లదు అని.

స్టేడియం కేకలతో మోగిపోయింది. రెఫరీలు ఒకచోట చేరి మాట్లాడుకున్నాక, రీప్లే చూడమని పైకి కబురు పెట్టారు. హెడ్‌సెట్‌లో రీప్లే గది గొంతు నాలుగో కెమెరా కావాలని అడిగింది. కంపెనీ యజమాని గ్లెన్ నాలుగో కెమెరా అందుబాటులో లేదని జవాబిచ్చాడు. తన కెమెరా నడుస్తోందని, అంతా రికార్డయిందని నిఖిల మైకులో చెప్పింది. మళ్లీ చెప్పింది. ఆమె మైకు గ్లెన్‌కు, మిగతా కెమెరావాళ్లకు మాత్రమే వినబడుతుంది, పై గదికి వెళ్లదు. గ్లెన్ ఆమెను లైను ఖాళీగా ఉంచమన్నాడు.

రెండు నిమిషాల తర్వాత, మార్చడానికి తగిన ఆధారం లేదు కాబట్టి మైదానంలో ఇచ్చిన తీర్పే నిలుస్తుందని ప్రకటించారు. బ్లాక్‌వెల్ గెలిచింది. ఆ విండ్సర్ కుర్రాడు హెల్మెట్ తీసి, తన అడుగు పడిన చోట మోకాళ్ల మీద కూర్చుని, వేలితో ఆ గడ్డినే చూపిస్తూ ఉండిపోయాడు. వాడికి ఎదురుగా నిలబడి చూస్తున్నది నిఖిల ఒక్కతే.

సామాను సర్దేముందు ఆమె కెమెరా చిన్న తెరమీద ఆ వీడియో తునకను నెమ్మదిగా తిప్పి చూసింది. ఎడమకాలి బూటు ముందు కొస నేలకు తగిలింది. కృత్రిమ గడ్డిలోని నల్ల రబ్బరు పలుకులు చిందాయి. బూటుకూ తెల్ల గీతకూ మధ్య బెత్తెడు పచ్చదనం స్పష్టంగా కనిపిస్తోంది. కుడికాలు బయట పడింది ఆ తర్వాత.

మెమరీ కార్డు ఇవ్వడానికి గ్లెన్ కూర్చునే కంట్రోల్ గదికి వెళితే, కారణం కూడా ఆమెకు అక్కడే తెలిసిపోయింది. విరామంలో స్పాన్సర్ల సత్కారం చూపించడానికి అదనపు కెమెరా కావాల్సివచ్చి, గ్లెన్ ఆమె కేబుల్‌ను రీప్లే మెషీన్ నుంచి పీకి ఆ చోట ఇంకో కేబుల్ పెట్టాడు. తిరిగి మార్చడం మరిచిపోయాడు. పీకిన కేబుల్ ఇంకా నేలమీదే పడివుంది. ఆమె అది చూపించి చెబితే, గ్లెన్ తల ఊపి, కార్డు తీసుకుని వెళ్లిపోయాడు. కోర్సు ప్రాజెక్టు కోసం ప్రతి ఆట వీడియోనూ ఆమె తన లాప్‌టాప్‌లోకి ఎక్కించుకునేది. అందుకు అతని అనుమతి ఉంది. ఆరోజు కూడా అప్పటికే ఎక్కించుకుంది.

సోమవారం కంపెనీ లీగ్‌కు పంపిన రిపోర్టు కాపీ అందరికీ మెయిల్‌లో వచ్చింది. నాలుగో కెమెరా: ఆపరేటర్ పొరపాటు వల్ల రికార్డు కాలేదు. పక్కన ఆమె పూర్తి పేరు ఉంది, ఇంటిపేరుతో సహా. వచ్చే శనివారం ఫైనల్‌కు వేసిన డ్యూటీ లిస్టులో మాత్రం ఆమె పేరు లేదు.

ఆమె గ్లెన్ ఆఫీసుకు వెళ్లింది. అతను కోప్పడలేదు. కుర్చీ చూపించి, పొరపాట్లు అందరికీ జరుగుతాయని, మనసుకు తీసుకోవద్దని, చిన్న వయసని ఓదార్చాడు. రికార్డయింది గదా, కార్డు మీకే ఇచ్చాను గదా అని ఆమె ఎంత చెప్పినా, అతను అదే మెత్తని గొంతుతో రిపోర్టు వెళ్లిపోయిందని అన్నాడు. అతను అరిచివుంటే తనూ అరిచేది. ఆ మెత్తదనం మీద ఎక్కడ గుద్దాలో ఆమెకు తెలియలేదు.

కోర్సు కోఆర్డినేటర్‌ను కలిస్తే, అది కంపెనీ విషయం, గ్లెన్‌తో మాట్లాడమంది. కాలేజీ క్రీడా విభాగానికి మెయిల్ పెడితే, ఐదు పనిదినాల్లో స్పందిస్తామని మెషీన్ జవాబు వచ్చింది. లీగ్ వెబ్‌సైటులో ఫిర్యాదు ఫారం దొరికింది. మీరు ఎవరు అన్న ప్రశ్న దగ్గర మూడే గడులు: కోచ్, జట్టు మేనేజర్, మ్యాచ్ అధికారి. కెమెరా మనిషికి గడి లేదు. గడి నింపకపోతే ఫారం ముందుకు పోదు. ఆమె లాప్‌టాప్ మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ అదే పేజీ చూసింది.

ఈలోగా ఇంటర్నెట్టంతా ఆ మూల రెఫరీ మీద పడింది. అతని పేరు అభిరామ్. టొరంటో పక్కనున్న ఏజాక్స్‌లో పుట్టి పెరిగినవాడు, ఇరవై ఏడేళ్లు. వారమంతా బడిలో లెక్కలు చెప్పి, శనివారాలు రెఫరీగా చేస్తాడు. అతని ఫొటో కింద జనం రాసిన మాటల్లో సగం ఆట గురించి, సగం చర్మం రంగు గురించి ఉన్నాయి. వచ్చిన చోటికే పొమ్మని ఒకడు రాశాడు. దాన్ని వందలమంది మెచ్చుకున్నారు.

వీడియో తన దగ్గరుందని నిఖిల రూమ్మేట్లతో చెప్పింది. ఆ మాట రూమ్ దాటి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకి పోయింది. గురువారం ఉదయం క్లాసుకు బయల్దేరుతుంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. తను భ్రమరాంబనని, ఏజాక్స్‌లో డాక్టరునని, అభిరామ్ తల్లినని ఆవిడ పరిచయం చేసుకుంది. యోగక్షేమాలు అడిగింది. ఏ ఊరమ్మాయివని అడిగింది. తర్వాత అసలు మాటకు వచ్చింది.

"మావాడు నాలుగు రోజుల్నించీ సరిగ్గా తినట్లేదమ్మా. ఇప్పుడు నువ్వు ఆ వీడియో పంపిస్తే, వాడు తప్పు చేశాడని ముద్ర వేసేసినట్టే. ఈ ఆటలో మనవాడంటూ ఉన్నది వాడొక్కడే. వాణ్ణి మళ్లీ ఫీల్డ్‌లోకి రానివ్వరు."

"ఆంటీ, తప్పు నాది అని నా పేరు మీద రాసిండ్రు. నేను చేయని తప్పు."

"నాకు తెలుసమ్మా. కానీ నీకు ఇది కాకపోతే ఇంకో పార్ట్‌టైమ్ దొరుకుతుంది. వాడికి ఇది చిన్నప్పటి నుంచి ప్రాణం."

నిఖిలకు చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. ఆ జాబ్ ఫెయిర్ లైన్లలో తను ఎన్నిసార్లు నిలబడిందో ఈ ఆంటీకి తెలుసా? కానీ అవతల మనిషి తల్లి వయసుది, డాక్టరు, గొంతులో నిజంగానే ఏడుపు ఉంది. ఆలోచిస్తానని చెప్పి పెట్టేసింది. బస్సు తప్పిపోయింది. క్లాసులో ఒక్క ముక్క ఎక్కలేదు. కోపం గ్లెన్ మీద, ఫారం మీద, ఆవిడ మీద తిరిగి తిరిగి, గట్టిగా జవాబు చెప్పలేకపోయిన తన మీదికే వచ్చి ఆగింది.

శుక్రవారం మధ్యాహ్నం అభిరామే వచ్చాడు. ఏజాక్స్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, కాలేజీ కేఫెటేరియాలో ఆమె ఎదురుగా కూర్చున్నాడు. కళ్లకింద నల్లబడింది. మమ్మీ ఫోన్ చేసిన సంగతి నిన్న సాయంత్రమే తెలిసిందని, సారీ అని చెప్పాడు. అతని తెలుగు ఇంట్లో విన్న తెలుగు, మధ్యమధ్య ఆగి వెతుక్కునేది.

"నాకు ఆ వీడియో చూపిస్తావా?" అని అడిగాడు.

ఆమె లాప్‌టాప్ అతనివైపు తిప్పింది. అతను మొదటిసారి మామూలు వేగంతో చూశాడు. తర్వాత ఒక్కో ఫ్రేమూ ముందుకు, వెనక్కు జరుపుతూ ఆరుసార్లు చూశాడు. రబ్బరు పలుకులు చిందిన ఫ్రేము దగ్గర ఆపి, ముఖాన్ని తెరకు దగ్గరగా తెచ్చాడు. చాలాసేపటికి వెనక్కి వాలాడు.

"లోపలే ఉంది. I missed it."

ఎందుకలా జరిగిందో కూడా అతనే చెప్పాడు. తను నిలబడ్డ చోటునుంచి ఆ కుర్రాడి నడుము అడ్డమొచ్చి ఎడమకాలు కనబడలేదు. బయట పడిన కుడికాలు ఒక్కటే కనబడింది. ఏదో ఒకటి వెంటనే చెప్పాలి కాబట్టి చెప్పేశాడు. రెఫరీలు కలిసినప్పుడు మాత్రం, తనకు గట్టి నమ్మకం లేదని, పైన చూడమని అడిగింది తనే. ఆ కోణం లేదని పైనుంచి జవాబు వచ్చినప్పుడు, సరే, తన కన్నే కరెక్టేమో అని సర్దిచెప్పుకున్నాడు.

నిఖిల ఫారంలో గడుల సంగతి చెప్పింది. అతను నవ్వబోయి ఆగిపోయాడు. లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని ఆ పేజీ తెరిచి, మ్యాచ్ అధికారి అన్న గడిలో టిక్ పెట్టాడు.

"మీ మమ్మీ?" అని అడిగింది ఆమె.

"మమ్మీకి నేను చెప్తా. ఆన్‌లైన్‌లో ఎవడో నన్ను తిట్టాడని నేను రాంగ్ కాల్‌ని రైట్ అని అనలేను కదా. వాళ్లు తిట్టింది వేరే, ఇది వేరే."

ఇద్దరూ కలిసి రాశారు. కేబుల్ ఎప్పుడు పీకారో, తను హెడ్‌సెట్‌లో ఏం చెప్పిందో, కార్డు ఎవరికి ఇచ్చిందో నిఖిల వరుసగా రాసింది. తీర్పు తప్పని అభిరామ్ కింద రాసి పేరు పెట్టాడు. వీడియో జతచేసి పంపారు. మర్నాడు ఫైనల్ మామూలుగానే జరిగింది. బ్లాక్‌వెల్ చిత్తుగా ఓడిపోయింది. విండ్సర్ కుర్రాళ్లు ఆ ఆటను ఏ టీవీలో చూశారో, చూడనే లేదో.

పదకొండు రోజుల తర్వాత లీగ్ జవాబు అభిరామ్‌కు వచ్చింది. అతను దాన్ని నిఖిలకు పంపాడు. మొత్తం ఐదు వాక్యాలు. ఆ క్యాచ్ చెల్లుతుంది. ఫలితం మార్చబడదు. సంబంధిత అధికారిని వచ్చే సీజన్‌కు హైస్కూల్ ఆటలకు కేటాయిస్తున్నాం. కంపెనీ రిపోర్టులో ఆపరేటర్ పొరపాటు అన్న చోట సాంకేతిక లోపం అని సవరించడమైనది. విషయం ముగిసింది.

ఆమె ఆ మెయిల్ చదివి అతనికి ఫోన్ చేసింది. సాంకేతిక లోపమంటే ఎవరి లోపమని అడిగింది. కేబుల్ దానంతట అదే ఊడి నేలమీద పడుకుందా? నిజం చెప్పినవాడిని కింది ఆటలకు పంపి, అబద్ధం రాసినవాడికి ఒక్క మాట కూడా లేదా? అభిరామ్ అంతా విన్నాడు. హైస్కూల్ ఆటలు మంచివేనని, పిల్లలు బాగుంటారని ముందు చెప్పాడు. కాసేపటికి గొంతు మారింది.

"కాలేజీ లెవెల్‌కి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది నిఖిలా. నాకు చాలా కోపంగా ఉంది. కానీ మళ్లీ అడిగినా అదే ఫారం నింపుతా."

భ్రమరాంబగారు మళ్లీ ఫోన్ చేయలేదు. వాట్సాప్ గ్రూపులో నిఖిల ఏదైనా పెడితే, అందరూ జవాబిచ్చినా ఆవిడ మాత్రం చూసి ఊరుకునేది.

డిసెంబర్ మొదటివారంలో, ఏమీ జరగనట్టే గ్లెన్ నుంచి డ్యూటీ లిస్టు వచ్చింది. బాస్కెట్‌బాల్ సీజన్, కెమెరా రెండు, నిఖిల. ఆమె రెండు రోజులు జవాబివ్వలేదు. మానేద్దామనే అనుకుంది. మానేస్తే ఆ రిపోర్టులో మొదట రాసిందే నిజమని కంపెనీలో అందరూ అనుకుంటారని తోచి, వస్తున్నానని రాసింది.

ఆట మొదలవడానికి పది నిమిషాలముందు ఆమె హెడ్‌సెట్ పెట్టుకుంది. ప్రసారం కోసం పెట్టిన రీప్లే మెషీన్‌కు ఏయే కెమెరాలు కలిపి ఉన్నాయో ఒక్కొక్క నంబరూ చదవమని గ్లెన్‌ను అడిగింది. మిగతా కెమెరావాళ్లు కూడా వింటున్నారు. అన్నీ ఉన్నాయన్నాడు గ్లెన్. అన్నీ అంటే ఏవి, చూసి చదవండి అన్నది ఆమె. అతను విసుగ్గా ఊపిరి వదలడం, కుర్చీ జరగడం, లేచి వెళ్లడం వినబడ్డాయి. తిరిగొచ్చి ఒకటి, రెండు, మూడు అని చదివాడు.

విరామం అయ్యాక ఆమె మళ్లీ అడిగింది. ఈసారి అతని గొంతులో ఆ పాత మెత్తదనం లేదు. ప్రతిసారీ ఇలాగే అడుగుతావా అన్నాడు. అడుగుతానని చెప్పి, అతను లేచి వెళ్లి చూసి చదివేదాకా ఆమె లైన్లోనే ఉంది.