ఒంటికాలి పరీక్ష

పొద్దున్నే ఎవరూ రాకముందే కరాటే హాలు తలుపు తీసి, రబ్బరు చాపలు పరిచి, మాస్టారు గోడ పట్టుకుని నిలబడ్డాడు. నెల రోజులుగా తల గిర్రున తిరుగుతోంది. భార్యకు కూడా చెప్పలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా అందరూ ఆయన్ని స్తంభం మాస్టారనే పిలుస్తారు. అసలు పేరు చెబితే పక్కింటివాళ్లు కూడా బుర్ర గోక్కుంటారు. ఆయన ఒంటికాలి మీద నిలబడితే తోసి కదిలించిన శిష్యుడు లేడు. ఆస్తిపాస్తులు లేని మనిషికి ఆ పేరే మిగిలింది.

అది శనివారం, పరీక్ష రోజు. ఎడమ మోకాలు ఛాతీ దాకా ఎత్తి ఆయన నిలబడితే, "ఊఁ" అన్నాక ఒక్కొక్కరే వచ్చి భుజం పట్టి తోయాలి.

"మనసు కుదురుగా ఉంటే ఒళ్లు దానంతటదే నిలబడుతుంది," అన్నాడు ఎప్పట్లాగే.

పిల్లలు తోశారు. పళ్లు బిగబట్టి నిలబడ్డాడు. చివరికి బట్టలు కుట్టే ఆవిడ వంతొచ్చింది. నలభై దాటాక, తన వయసులో సగం కూడా లేని పిల్లల మధ్య తెల్ల బెల్టు కట్టుకుని, మొహమాటపడుతూనే మూడు వారాలుగా వస్తోంది. మాస్టారు "ఊఁ" అన్నాడు. ఆవిడ రెండు వేళ్లు ఆనించిందో లేదో, ఆయన వెల్లకిలా పడ్డాడు.

ఎవరో కిసుక్కుమన్నారు.

"నేను చెప్పకముందే తోస్తే ఎలాగమ్మా? కుట్టుమిషను తొక్కడం కాదిది," అని లేస్తూనే అరిచాడు. "వెళ్లి ఆ మూల ఒంటికాలి మీద నిలబడు."

చెప్పాకే తోసిందని అక్కడున్న అందరికీ తెలుసు.

"తప్పయింది మాస్టారూ," అని ఆవిడ తల వంచి, వెళ్లి నిలబడింది. కాలు వణికింది గానీ దించలేదు. ఆ మొహంలో కోపం కనిపిస్తుందేమోనని మాస్టారు వెతికాడు. ఉంటే తనకు కాస్త తేలికయ్యేది. లేదు. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"చాల్లేమ్మా," అన్నాడు కాసేపటికి.

ఆవిడ ఆఫీసు గదిలోకి వెళ్లి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆయన పక్కన వేసింది.

"కూర్చోండి. మా అత్తయ్యకూ ఇలాగే తల తిరిగేది," అంది ఇంకెవరికీ వినపడకుండా. "ఇంట్లో చెప్పండి మాస్టారూ. దాచుకోకండి."

ఇన్నేళ్లలో ఆ చాపల మీద కుర్చీ వేయనిచ్చిందే లేదు. మాస్టారు కూర్చున్నాడు. పిల్లల మొహాలు చూడలేక తన కాలివేళ్లకేసి చూస్తూ మాట్లాడాడు.

"ఆవిడ తప్పేం లేదు. నేను ఊఁ అన్నాకే తోసింది. సిగ్గేసి అబద్ధమాడాను. నాకు ఒంట్లో బాగోలేదు. ఇక నేను నేర్పలేను."

హాలు తాళంచెవులు తీసి, పిల్లల్ని వరసలో నిలబెట్టే బ్లాక్ బెల్టు అమ్మాయి చేతిలో పెట్టాడు. నమస్కరించబోయిన పిల్లల్ని వద్దన్నట్టు చేత్తో ఆపి, గోడ పట్టుకుని మెల్లగా బయటికి నడిచాడు.

కాసేపటికి ఆ అమ్మాయి క్లాసు మొదలుపెట్టింది. కుర్చీ తీయడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు. హాలు నడుమ, మెత్తటి చాపలో నాలుగు కాళ్లూ కాస్త దిగబడి, అది అలాగే ఉండిపోయింది.