అడగకుండా కలిపిన మాత్ర

ముప్పయ్యొక్క సంవత్సరాలు నేను ఒక పెద్ద ఆసుపత్రిలో సమ్మతి పత్రాల విభాగానికి అధికారిగా పనిచేశాను. శస్త్రచికిత్సకు ముందు రోగికి పత్రం చదివి వినిపించడం, విన్నదానిని అతని మాటల్లోనే తిరిగి చెప్పించడం, ఆ తరువాతనే సంతకం తీసుకోవడం నా పద్ధతి. ఆలస్యమవుతోందని పెద్ద వైద్యులు విసుక్కున్న రోజులున్నాయి. నేను లొంగలేదు.

అటువంటి నేను పదకొండు రోజులపాటు నా తమ్ముడికి తెలియకుండా అతని టీలో మాత్ర పొడి కలిపాను.

తమ్ముడు గడియారాలు బాగుచేస్తాడు. మా ఇంటి ముందుగదే అతని పనిచోటు. చేతుల వణుకు ఆగడానికి ఉదయమే ఒక గ్లాసు పుచ్చుకునేవాడు. సాయంత్రం గ్లాసులకు కారణం కూడా అక్కరలేదు. తాగుడు మాన్పించే మాత్ర ఉన్నదని మరదలు ఎక్కడో విని తెచ్చింది. అది ఒంట్లో ఉండగా తాగితే గుండె దడదడలాడి, పేగులు తెగేలా వాంతులవుతాయి.

“చెబితే వేసుకోరు బావగారూ. మీ చేతి టీ అయితే కళ్లు మూసుకుని తాగుతారు.”

“చెప్పకుండా ఇవ్వడం తప్పమ్మా.”

“తప్పొప్పులు ఆయన పోయాక తీరిగ్గా చూసుకుందాం లెండి.”

మర్నాడు ఉదయం టీ నేనే కలిపాను.

మొదటి నాలుగు రోజుల్లో అతడు మూడుసార్లు తాగి, మూడుసార్లూ కుప్పకూలాడు. ఆ తరువాత సీసా ముట్టలేదు. మరదలు వంటింట్లో కూనిరాగాలు తీయసాగింది.

పదకొండో రోజు ఉదయం నేను ముందుగదిలోకి వెళ్లేసరికి అతడు ఒక్కొక్క గడియారానికీ యజమాని పేరు రాసిన చీటీ కడుతున్నాడు. సన్న పట్టకార్లను మెత్తని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు.

“అవి ఎవరికి?”

“పక్క వీధి గడియారాలవాడికి. వాడి పట్టకారు మేకులు పీకడానికి తప్ప దేనికీ పనికిరాదు. పాపం, ఇవైనా వాడుకుంటాడు.” తల ఎత్తకుండానే గొంతు తగ్గించాడు. “నాకింక ఎక్కువ రోజుల్లేవు అన్నయ్యా. గుక్క దిగితే గుండె నోట్లోకొస్తోంది. లోపలంతా చెడిపోయింది. దానికి చెప్పకు, హడలిపోతుంది.”

నిజం చెబితే మళ్లీ సీసా పట్టవచ్చు. చెప్పకపోతే, చావు ముంచుకొచ్చిందన్న భ్రమలోనే బతుకుతాడు. మందుతో వచ్చిన కాగితం తెచ్చి, గిరాకీలు కూర్చునే ముక్కాలిపీట మీద కూర్చొని, మొదటి వాక్యం నుంచి చదివి వినిపించాను. ఆపైన నేను చేసినది చెప్పాను.

అతడు చేతిలోని చీటీ బల్ల మీద పెట్టాడు.

“టీలోనా?”

“టీలోనే.”

“అందుకా చక్కెర అంత దట్టించావు. ముసలితనంలో నామీద ప్రేమ పుట్టిందనుకున్నాను.”

గుమ్మంలో నిలబడ్డ మరదలు, “నేనే కలపమన్నాను. నన్ననండి,” అంది.

“నీ సంగతి తర్వాత.” అతడు నావైపు తిరిగాడు. “ముక్కూ మొహం తెలియనివాళ్లని గంటలు గంటలు కూర్చోబెట్టి అడిగావు. నన్నొక్క మాట అడగలేకపోయావా?”

“వద్దంటావని భయపడ్డాను.”

“వద్దనేవాణ్ణే. మర్నాడు మళ్లీ అడగాల్సింది.”

తలవంచుకున్నాను. తప్పైపోయిందని అన్నాను. ఆ మాట నా నోట అతడు వినడం బహుశా అదే మొదటిసారి.

అతడు కాగితం అందుకొని దూరంగా పట్టుకొని చూశాడు. “ఇది మింగి తాగితే చచ్చినంత పనవుతుంది. మింగకుండా తాగితే మెల్లగా చస్తాను. అంతేనా?”

“అంతే.”

“ఇప్పుడిప్పుడే చావడం లేదన్నమాట. ఇది ఒంట్లోంచి పోవడానికి ఎన్నాళ్లు?”

“రెండు వారాలు.”

“ఆ రెండు వారాలూ నాకెవరూ ఏదీ కలపొద్దు. తర్వాత మాత్ర తెచ్చి ఈ బల్ల మీద పెట్టు. వేసుకుంటానో, సీసా తెచ్చుకుంటానో అప్పుడు చెప్తాను.”

మరదలి కళ్లు నిండాయి. అయినా “అలాగే” అన్నది. నాకు ఆ మాట ఆమెకంటే ఆలస్యంగా వచ్చింది.

తమ్ముడు పట్టకార్ల మూట విప్పాడు. ఒక పాత గోడగడియారాన్ని ముందుకు లాక్కొని, “ఆ దీపం కాస్త ఇటు పట్టుకో. చేతులు వణుకుతున్నాయి,” అన్నాడు.

సన్నని మరమేకు మూడుసార్లు జారి బల్ల మీద పడింది. తీసి ఇవ్వబోతే వద్దన్నాడు. నేను దీపం పట్టుకొని కూర్చున్నాను.