గురువారం విన్నపం

ఊరికే వచ్చేదాన్ని దయావతి ఏనాడూ నమ్మలేదు. రాయగడ బజారులో కూరగాయలామె కొసరుగా నాలుగు పచ్చిమిరపకాయలు ఎక్కువేస్తే, ఇంటికొచ్చి ఒక్కొక్కటీ తిప్పి చూసి, పుచ్చు లేదని తేలాకే బుట్టలో వేసేది. అలాంటిది, ఆసుపత్రి కంప్యూటర్లన్నీ నడిపే సరుకేదో ముఖం తెలియని మనుషులు ఊరికే ఇస్తున్నారనీ, కూతురు ఫేబ దాన్ని తెచ్చి పెట్టబోతోందనీ విన్న దగ్గర్నుంచి ఆమెకి అన్నం సహించడం మానేసింది.

ఫేబ కొల్నార దారిలోని సారెపతు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూస్తుంది. ముప్పై పడకల ఆసుపత్రి. ఆ పని చూసేది ఇద్దరే, ఫేబ, బిశ్వజిత్. అతను ఒడియా అతనే గానీ రాయగడలోనే పుట్టి పెరిగాడు, తెలుగు మనలాగే మాట్లాడతాడు. ఇద్దరికీ ఒక్క విషయంలో పడదు. రోగుల వివరాలు ఎక్కించుకోవడానికి ఇప్పుడు వాడుతున్నది ఒక కంపెనీవాళ్ళు అమ్మిన సాఫ్ట్‌వేర్. అదే ఉండాలని అతను. అది తీసేసి, లైనక్స్ వేసి, దానిమీద ఓపెన్ సోర్స్‌ది, అంటే ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోగలిగేది, పెట్టాలని ఫేబ. పగలంతా ఆఫీసులో కొట్టుకున్నది చాలక, సాయంత్రం టీ వేళకి ఫోన్లో మళ్ళీ మొదలు. ఫేబ ఫోను స్పీకర్లో పెట్టి, గుమ్మం మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ వాదిస్తుంది. దయావతి పొయ్యి దగ్గరుంటుంది, చెవులు మాత్రం గుమ్మం దగ్గర.

"పాడైతే ఎవర్ని పట్టుకుంటావ్ ఫేబా? కంపెనీ అయితే ఫోన్ చేసి తిట్టొచ్చు."

"పోయిన వానల్లో తిట్టేవు కదా. ఏటైంది? నాలుగ్రోజులు ఎవడూ ఫోనెత్తలేదు. రోగుల పేర్లు నోటుబుక్కులో రాసుకున్నాం."

"ఎత్తకపోయినా, ఎత్తాల్సినోడు ఒకడున్నాడు. నీ దానికి ఎవడున్నాడు?"

"అందరూ ఉన్నారు. కోడు అందరికీ కనపడతాది. తప్పుంటే ఎవరో ఒకరు చూస్తారు."

"ఎవరో ఒకరు చూస్తారంటే ఎవరూ చూడరనే. మా వీధి కుళాయి నెల్రోజుల నుంచి కారతంది. అందరూ చూస్తన్నారు."

ఫేబ పకపకా నవ్వింది. "నేను చూసేను కదా. పిల్లల వయసు లెక్కట్టే కాడ తప్పుంది. సరిచేసి పంపితే బ్రెజిల్ నుంచి ఒకాయన థాంక్స్ చెప్పేడు."

లోపల దయావతి చేతిలో గరిటె ఆగిపోయింది. ఫోను పెట్టేయగానే కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"ఎవరమ్మీ ఆ బ్రెజిలాయన?"

"తెలీదమ్మా."

"తెలీనోడు నీకెందుకు థాంక్స్ సెప్పేడు?"

"పని చేసి పెట్టేను కాబట్టి."

"ఊరికేనా?"

"ఊరికే."

"పెళ్ళయిందా ఆయనికి?"

"అమ్మా!"

దయావతి పక్కనే చతికిలబడింది. "సరే, అందరికీ కనపడతాదన్నావు. ఆస్పత్రిలో కాయితాలు కూడానా?"

"కాగితాలు కాదమ్మా. అల్మరా ఎలాగ చేసేరో ఆ కొలతలు కనపడతాయి. లోపలేముందో కనపడదు. తాళం మన దగ్గరే ఉంటాది."

"కొలతలు తెలిసినోడికి తాళం సేయించుకోడం ఎంతసేపు?"

ఫేబ నుదురు కొట్టుకుని చిక్కుళ్ళ గిన్నె పట్టుకుని లేచిపోయింది.

దయావతి బెంగ వేరే ఉంది. ఆ అల్మరాలో ఆమె కాగితం కూడా ఒకటుంది. పదకొండేళ్ళ కిందట, భర్త దేవప్రసాద్ పోయిన మరుసటేడు, ఆమెకి టీబీ వచ్చింది. అప్పుడామె ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. విషయం పొక్కితే మళ్ళీ పొయ్యి దగ్గరకి రానివ్వరని, పార్వతీపురంలో అక్కకి ఒంట్లో బాగోలేదని చెప్పి సెలవు పెట్టేసి, ఆరు నెలలు సారెపతు మాత్రలు మింగింది. కొరాపుట్‌లో చదువుకుంటున్న ఫేబకి కూడా చెప్పలేదు. జబ్బు పోయింది. కాగితం మాత్రం అక్కడే ఉంది. అందరికీ కనపడే అల్మరాలోకి అది మారబోతోంది. ఈలోగా ఏ దేశపు పోలీసులో వచ్చి కూతురి చేతులు పట్టుకుంటారు. ఆమె ఊహ ఎప్పుడూ అంత దూరం వెళ్ళాకే ఆగేది.

గురువారం మధ్యాహ్నం ఎవాంజెలిన్ గారింట్లో చర్చి స్త్రీల సమాజం కూడిక. చాపల మీద పన్నెండుమంది. పాట అయ్యాక ఒక్కొక్కరూ విన్నపం చెప్పుకోవాలి. ఒకరికి కోడలి కాన్పు, ఒకరికి కొడుకు తాగుడు. ఇక్కడ చెప్పింది ఈ గడప దాటదని ప్రతివారం ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. దయావతి వంతు వచ్చింది.

"మా ఫేబ గురించమ్మా. ఆస్పత్రిలో రోగుల కాయితాలన్నీ నెట్టులో అందరికీ కనపడేదాన్లోకి మార్సేస్తంది. బ్రెజిలంట, ముక్కూ మొహం తెలీని దేశాలోళ్ళతో మాటలు. ఏ కేసులో ఇరుక్కుంటాదో అని నాకు నిద్దర్లేదు. దేవుడు దాన్ని కాపాడాల."

"అయ్యో!" అన్నారు మిగతా పదకొండుమందీ. ఎవాంజెలిన్ గారు కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకుంది. ఆవిడ గొంతు మామూలుగానే గంటలాంటిది. ఫేబ పేరు, ఆసుపత్రి పేరు, బ్రెజిల్ పేరు కూడా చెప్పి మరీ ప్రార్థించింది. తెర వెనక, లోపలి గదిలో, ఆవిడ భర్త ప్రసన్న కుమార్ గారు పేపరు చదువుకుంటున్నారు. ఆయన సారెపతు ఆసుపత్రి కమిటీ సెక్రటరీ. ఆ సంగతి దయావతికి తెలుసు. తెలిసీ ఆ క్షణాన తోచలేదు.

శుక్రవారం పదకొండింటికే ఫేబ ఇంటికొచ్చేసింది. క్యారేజీ బరువుగా అలాగే ఉంది.

"ఏటమ్మీ, జొరమా?"

"పాస్‌వర్డ్‌లన్నీ కాగితం మీద రాసి కవర్లో పెట్టి ఇమ్మన్నారు. ఇచ్చేను. బుధవారం కమిటీ. అప్పటిదాకా కంప్యూటర్ గదిలోకి రావద్దన్నారు." ఫేబ గోడకి ఆనుకుంది. "రోగుల కాగితాలు నెట్‌లో పెడుతున్నానంట. బయటి దేశాలవాళ్ళకి అందిస్తున్నానంట. ఎవరు చెప్పేరో అడిగితే సెక్రటరీ గారు చెప్పలేదు. ఉద్యోగం ఉంచరేమో అమ్మా."

నిజం దయావతి నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి మాత్రం ఇంకోటి వచ్చింది.

"ఆ బిశ్వజిత్తే సెప్పుంటాడు. రోజూ నీతో దెబ్బలాటే కదా."

అన్నాక నాలుక కరుచుకుంది. ఆ సాయంత్రం టీ వేళకి ఫోను మోగింది. బిశ్వజిత్ పేరు చూసి ఫేబ దాన్ని బోర్లా పెట్టేసింది. శనివారం మోగింది, ఆదివారం మోగింది. సోమవారం మోగలేదు.

మంగళవారం బిశ్వజిత్తే బండేసుకుని వచ్చాడు. అతన్ని చూసి ఫేబ లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మెట్టు మీదే కూర్చున్నాడు. దయావతి టీ తెచ్చిచ్చింది.

"మావుసీ, నేనెవరికీ ఏమీ చెప్పలేదు. వాదిస్తాను, అది వేరే సంగతి. మొహం మీదే వాదిస్తాను." దయావతిని ఒడియాలో పిన్ని వరస పెట్టి పిలుస్తూ, తలుపు వైపు వినపడేలా అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "సెక్రటరీ గారు నన్ను పిలిచి అడిగేరు, ఒక్కడివే నడపగలవా అని. అంటే తీసేద్దామనే కదా. రేపు పదింటికి కమిటీ."

"నువ్వేటన్నావు బాబూ?"

"నడపలేనన్నాను. నిజమే అది. ఆ పిల్ల లేకపోతే ప్రింటర్ కూడా నామాట వినదు."

అతను వెళ్ళిపోయాక దయావతి ఖాళీ గ్లాసు పట్టుకుని ఆ మెట్టు మీదే చాలాసేపు కూర్చుంది. లోపలికి వెళ్ళి తలుపు కొట్టలేకపోయింది.

బుధవారం ఫేబ ముందే బయల్దేరింది. దయావతి ఆదివారం కట్టే తెల్ల చీర కట్టుకుని, ఆటో ఎక్కి, వెనకాలే వెళ్ళింది. కంప్యూటర్ గదిలోనే కమిటీ కూర్చుంది. ప్రసన్న కుమార్ గారు, ఇంకో ముగ్గురు పెద్దలు, ఒక మూల ఫేబ, ఇంకో మూల బిశ్వజిత్. దయావతి గుమ్మంలో చెప్పులు విప్పి తిన్నగా లోపలికొచ్చింది.

"అమ్మా! నువ్వెందుకొచ్చేవు?"

"నానే సెప్పేనమ్మీ." ఇంకెవర్నీ చూడకుండా సెక్రటరీ గారివైపు తిరిగింది. "బాబూ, మీ ఇంట్లోనే, మీ చాప మీదే సెప్పేను. దాన్ని కాపాడమని దేవుడికి సెప్పుకున్నాను. ఈ బిశ్వజిత్ బాబుకి పాపం ఏటీ తెలీదు. నాకూ ఏటీ తెలీదు. భయమేసి సెప్పేను."

ఫేబ మొహం పాలిపోయింది. ప్రసన్న కుమార్ గారు దగ్గి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ప్రార్థనలో నాకు వినపడ్డది... సరే, అది అలా ఉంచండి. ఎవరు చెప్పినా, విషయం తేలాలి కదమ్మా. కాగితాలు బయటికి కనపడుతున్నాయా, లేదా?"

"ఏదమ్మీ నీ పెట్టి?"

ఫేబ మూలనున్న పాత కంప్యూటర్ చూపించింది. ఓపెన్ సోర్స్‌ది పరీక్షించడం కోసం, కమిటీ సంతకంతోనే, రోగుల వివరాలకి ఒక కాపీ అందులో పెట్టింది. దయావతి మోకాళ్ళ మీద కూలబడి దాని వెనక్కి చెయ్యి పోనిచ్చింది. ఒక తీగ దొరికింది. దాన్ని వేళ్ళతో తడుముకుంటూ గోడదాకా పాకింది. కరెంటు ప్లగ్గు. మళ్ళీ వెనక్కొచ్చి ఇంకోటి పట్టుకుంది, అది తెరకే వెళ్ళింది. ఇంకేమైనా ఉందా అని దుమ్ములో మరోసారి తడిమింది.

"నెట్టు తీగ ఏదీ?"

"లేదమ్మా. పెట్టలేదు. గాలిలోంచి అందుకునే ముక్క కూడా పీకేసేను."

పెద్దలొకరు నవ్వు ఆపుకోలేకపోయారు. ప్రసన్న కుమార్ గారు మాత్రం పట్టు వదల్లేదు. "అయినా కంపెనీది నమ్మకం. రోజూ తనంతట తానే కాపీ తీసుకుంటుంది. చూడండి, ఎనిమిది నెలలుగా అన్నీ పచ్చ టిక్కులే."

దయావతి చీర దులుపుకుంటూ లేచింది. "తెరిసి సూసేరా?"

"ఏమిటి?"

"ఆ కాపీ. హాస్టల్లో నూనె డబ్బాలు సీలు బాగుందని నాలుగు నెలలు అలాగే ఉంచేరు బాబూ. తెరిస్తే అడుగున చిల్లు, లోపల చుక్క లేదు. సీలు మాత్రం మెరుస్తంది."

బిశ్వజిత్ ఫేబ వైపు చూశాడు. ఐదు రోజుల తర్వాత ఫేబ మొదటిసారి అతని వైపు చూసింది.

"తెరిచి చూడలేదు సార్," అన్నాడు అతను నెమ్మదిగా.

"అయితే తెరవండి. ఇద్దరూ తెరవండి. ఏదో ఒక రోగిది తీసి చూపించండి," అని ప్రసన్న కుమార్ గారు జేబులోంచి పాస్‌వర్డ్‌ల కవరు తీసి బల్ల మీద పెట్టారు.

ఫేబ కవరు ముట్టుకోలేదు. "తియ్యను సార్. రోగి ఒప్పుకోకుండా కమిటీ ముందు కూడా తియ్యను."

"ఉద్యోగం పోతున్నా?"

"పోయినా."

పదకొండేళ్ళు దయావతి కడుపులో దాచుకున్నది. పక్కనే ఎవాంజెలిన్ గారి మొగుడు. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోతుంది. ఆమె చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. వెళ్ళిపోవచ్చు.

"నాది తియ్యి," అంది. "దయావతి. దేవప్రసాద్ భార్య. నాను ఒప్పుకుంటన్నాను."

"అమ్మా, వద్దు."

"తియ్యమ్మీ."

ముందు బిశ్వజిత్ కంపెనీ కాపీ తెరవబోయాడు. తెర మీద గుండ్రంగా ఏదో తిరిగింది, తిరిగింది, ఆగింది. ఎర్రటి అక్షరాలొచ్చాయి. నిన్నటిది, మొన్నటిది, పోయిన నెలది, అన్నీ అంతే. "ఫిబ్రవరి నుంచి ఖాళీ కాపీలు పడుతున్నాయి సార్," అన్నాడు. చెప్పకుండా ఉండొచ్చు, చెప్పాడు.

ఫేబ కవరు చింపి, తన పాత పెట్టె ముందు కూర్చుంది. ఒక్క నిమిషం. పేరు వచ్చింది, వయసు వచ్చింది, కింద జబ్బు పేరు, ఆరు నెలల మాత్రల లెక్క, అన్నీ వచ్చాయి. ప్రసన్న కుమార్ గారు చదివి, చూపు పక్కకి తిప్పుకున్నారు. దయావతి తిప్పుకోలేదు.

మూడు నెలలు రెండూ పక్కపక్కనే నడపాలనీ, వారానికోసారి కాపీ తెరిచి చూడాలనీ కమిటీ రాసుకుంది. ఫేబ ఉద్యోగం గురించి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బయటికొచ్చాక బిశ్వజిత్ బండి స్టార్టు చేస్తూ, "అయినా రేపు తప్పొస్తే ఎవర్ని పట్టుకుంటావ్?" అన్నాడు.

"నిన్నే," అంది ఫేబ.

ఆటోలో తల్లీ కూతురూ చెరో పక్కకి జరిగి కూర్చున్నారు. కొంతదూరం పోయాక దయావతే నోరు విప్పింది. "టీబీ అని నీకు కూడా దాసేనమ్మీ."

"నాకు తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మూడేళ్ళయింది. పాత కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు, నీది నా చేత్తోనే ఎక్కించేను."

"మరి నన్నెప్పుడూ అడగలేదేటి?"

"నువ్వు చెప్పలేదు కదా," అంది ఫేబ, రోడ్డువైపు చూస్తూ.

ఆ సాయంత్రం టీ వేళకి ఫోను మోగింది. ఫేబ ఫోను తీసుకుని గుమ్మం మెట్టు మీదకి రాలేదు. పెరట్లోకి వెళ్ళి, నుయ్యి పక్కన కూర్చుని, స్పీకరు ఆపి మాట్లాడింది. చిక్కుళ్ళ ఈనెలు దయావతే తీసుకుంది.

మళ్ళీ గురువారం వచ్చింది. పాట అయింది. కాన్పు, తాగుడు, కోడలు, అందరివీ అయ్యాయి.

"మీ విన్నపం దయావతమ్మా?" అంది ఎవాంజెలిన్ గారు, కొంచెం ముందుకి వంగి.

"మోకాళ్ళ నొప్పులమ్మా."

"ఇంకేమీ లేదా? ఫేబ ఎలా ఉంది? ఆ పాత జబ్బు గురించి..."

దయావతి లోపలి గది తెర వైపు చూసింది. తెర కింద రెండు పాదాలు, కదలకుండా, ఇటు తిరిగి ఉన్నాయి.

"మోకాళ్ళేనమ్మా," అంది, ఆ పాదాలకి కూడా వినపడేటట్టు. "రెండూ."