సోమవారం ఇంజను

శివపార్వతి ఏ సంగతినైనా తక్కెట్లో వేసి చూసే మనిషి. ఆమె తండ్రి తెనాలి దగ్గర బియ్యం గోదాములు కట్టించే మేస్త్రీ. ఆయన పరంజా మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు కట్టుబడి ఆగకుండా నడిపించింది ఆమే. సున్నం ఎప్పుడు రావాలి, వడ్రంగి ఎప్పుడు దిగాలి, ఎవరి పని ముగిస్తే ఎవరి పని మొదలవుతుంది, అదంతా ఆయన మంచం పక్కన కూర్చుని నేర్చుకుంది, ఎండలో నిలబడి చేయించింది. తరవాత పెళ్లి, పిల్లలు, భర్త పున్నయ్యతో బళ్లారి సీమలో సిరిగేరి పక్కన, కాలువ కింద సేద్యానికి వచ్చిన కోస్తావాళ్ల క్యాంపుకు వలస. ఆ పని మళ్లీ ముట్టుకోలేదు. ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్న సరుక్కి తరుగు తప్పదు. తన పనితనానికి ఎంత తరుగొచ్చిందో తూచి చూడాలని ఆమెకు ఉండేది. తూచే అవకాశమే దొరకలేదు.

అది సిరుగుప్ప వ్యాపారి వెంకటకృష్ణయ్య రూపంలో వచ్చింది. ఆయన క్యాంపులో బియ్యం మిల్లు పెట్టదలిచాడు. కట్టుబడి చూడమని పెట్టిన బావమరిది గోడలు లేవకముందే పైకప్పు పెంకులు తెప్పించి, వాటిని ఎక్కడ దించాలో తోచక బళ్లారికి వెళ్లి మరి తిరిగి రాలేదు. అప్పుడు పున్నయ్య తన భార్య సంగతి చెప్పాడు. వెంకటకృష్ణయ్య ముందు నవ్వాడు, ఆ తరవాత ఆలోచించాడు. బస్తా కొనేముందు గుప్పెడు తీసి మచ్చు చూసే మనిషి ఆయన.

"ఇంజను దిమ్మె మీద కూర్చునేదాకా మీరు చూడండమ్మా. కాలవకి నీళ్లొదిలేలోగా అది కూర్చుంటే గోదామూ, ఒడ్లు ఆరబోసే కళ్లమూ అంతా మీ చేతనే కట్టిస్తాను. లేదంటే బళ్లారి మేస్త్రీని పిలుస్తాను. ఏమీ అనుకోకండి," అన్నాడు.

షరతులో న్యాయం ఉంది. రోడ్డునుంచి మిల్లుకు వచ్చే దారి పిల్లకాలువలో దిగి ఎక్కాలి. వంతెన లేదు. ఎండాకాలం కాబట్టి కాలువ ఎండి ఉంది. నీళ్లొచ్చాయంటే మళ్లీ కోతలయ్యేదాకా బరువైనదేదీ దాటదు. ఇంజను రోడ్డు పక్కనే తుప్పు పడుతుంది.

శివపార్వతి ఒప్పుకుంది. బావమరిది తెప్పించిన పెంకులను పేర్పించి, కూలి ఆడవాళ్ల చంటిపిల్లలకు ఎండ తగలకుండా అడ్డు కట్టించింది. కూలీల పెద్ద దుర్గక్క దాన్ని చూసి, ఇంతవరకు ఏ మేస్త్రీకీ తట్టని పని ఇదని అందరికీ చెప్పింది. మరునాటినుంచి పసిపిల్లల తల్లులు కూడా పనిలోకి వచ్చారు. గోడలు లేచాయి. దిమ్మె ఆరింది. దూలాలకని తెచ్చిన తుమ్మ మొద్దులు చెక్కడానికి సిద్ధంగా పడి ఉన్నాయి. చేతులు పని మరిచిపోలేదని ఆమెకు ధైర్యం వచ్చింది.

ఇంజను తెచ్చే లారీ శనివారం రావాలి. అది వచ్చిన మరునాడు బండి కట్టి, ముందు నాలుగు జతల ఎద్దులు పూన్చి లాగించాలని సిరిగేరి ఊళ్లో భీమప్పతో మాట్లాడుకుంది. ఆయన సరేనన్నట్టు కన్నడంలో "ఆయ్తు" అని తలూపాడు. అయితే లారీ దారిలో చెడిపోయి ఆదివారం సాయంత్రం వచ్చింది. ఏముంది, ఒక రోజు జరిగిందనుకుని ఆమె తాపీవాళ్లనూ తాళ్లనూ వంటనూ అన్నిటినీ సోమవారానికి జరిపింది. లారీ వచ్చిన మరునాడనే మాట ఉంది కనక భీమప్పకు మళ్లీ చెప్పక్కర్లేదనుకుంది. మంగళవారం తెల్లారితే కాలువకు నీళ్లు.

సోమవారం పొద్దెక్కింది. బండీ ఎద్దులూ రాలేదు. ఆమె ఊళ్లోకి నడిచింది. వెనకే వెంకటకృష్ణయ్య మల్లెపువ్వులాంటి పంచెతో వచ్చాడు. భీమప్ప వాకిట్లో ఎద్దులు కడిగించుకుని, నుదుట పసుపు కుంకుమలతో తీరిగ్గా నెమరేస్తున్నాయి.

"ఈ పొద్దు సోమారం గదమ్మా," అన్నాడు భీమప్ప, ఆమె ఎందుకొచ్చిందో తెలియనట్టు. "బసవన్న మెడ మీద కాడి పెట్టం. మాయమ్మ కాలం నుంచి ఇంతే."

శివపార్వతికి తన పొరపాటు తెలిసింది. ఏ పనినైనా ఏ రోజుకైనా జరపవచ్చని కృష్ణా తీరంలో నేర్చుకుంది. ఈ నేలమీద ఎద్దుల పని సోమవారానికి జరగదని ఇన్నేళ్లున్నా గమనించలేదు. వెంకటకృష్ణయ్య బాడుగ రెట్టింపు చేస్తానన్నాడు. భీమప్ప నొచ్చుకున్నట్టు ముఖం తిప్పుకున్నాడు. ఆమె వ్యాపారిని పక్కకు పిలిచి, అమ్మకానికి లేనిదానికి బేరమాడితే ఉన్న మర్యాద కూడా పోతుందని మెల్లగా చెప్పింది.

తరవాత వీధి వెంట చూసింది. మామూలు రోజుల్లో ఎద్దుల వెంట పొలంలో ఉండే మగవాళ్లంతా అరుగుల మీద ఉన్నారు. కొందరు బీడీలు, కొందరు పులిజూదం. తనకు లేనిదేదో చూసుకోవడం మానేసి, ఉన్నదేదో లెక్క వేసుకుంది.

"భీమప్పగారూ, సెలవు ఎద్దులకేనా, మనుషులకి కూడానా?"

భీమప్ప పెద్దగా నవ్వాడు. "మనుసులకు యాడిది సెలవమ్మా? ఆ పుణ్యం చేసుకోలేదు మేము."

అంతే. అరుగుల మీది మగవాళ్లంతా భీమప్ప వెంట లేచారు. తుమ్మ మొద్దులు చెక్కకుండా గుండ్రంగా ఉండడం మంచిదైంది. వాటిని ఇంజను పెట్టె కింద దొర్లేలా వరసగా పరిచారు. వెనక మిగిలిన మొద్దును ముందుకు తెచ్చి వేయడం దుర్గక్క మనుషుల వంతు. ఇటుకల బట్టీకని తెచ్చిన ఊకబస్తాలతో కాలువ గట్లకు వాలు కట్టారు. ఒక తాడు ఊరివాళ్లు పట్టుకున్నారు, ఒక తాడు క్యాంపువాళ్లు. ఎన్నేళ్లుగానో పక్కపక్కనే ఉంటూ పలకరింపుతో సరిపెట్టుకున్నవాళ్లు ఒకరికంటే ఒకరు గట్టిగా లాగాలని పంతం పట్టారు. మొద్దు కదిలినప్పుడల్లా దుర్గక్క ఏదో ఒకరి పేరు పెట్టి వెక్కిరించేది, ఆ నవ్వులో ఇంజను మరికాస్త జరిగేది.

కాలువలోకి దిగింది. ఎక్కేచోట ఆగింది. తాళ్లు బిగిశాయి, కాళ్లు జారాయి, పెట్టె కదలలేదు. ఇంకో మనిషి కావాలి. గట్టు మీద ఉన్నది వెంకటకృష్ణయ్య ఒక్కడే.

"సావుకారప్పా," అని కిందినుంచి భీమప్ప పిలిచాడు. "ఏం సూస్తాండావు? రా, నీకు సోమారం పట్టింపు లేదు గదా. కాడి నీ మెడకేస్తాం."

వెంకటకృష్ణయ్య శివపార్వతి వంక చూశాడు. ఆమె తాడు కొస అందించింది. ఆయన పంచె ఎగ్గట్టి కాలువలో దిగాడు, దిగుతూనే ఊకలో కూలబడ్డాడు, లేచి పట్టాడు. పెట్టె గట్టెక్కింది. దీపాలవేళకు ఇంజను దిమ్మె మీద కూర్చుంది. ఊరివాళ్లూ క్యాంపువాళ్లూ చల్లారిన అన్నమే కలిసి తిన్నారు.

వెంకటకృష్ణయ్య నల్లమట్టి పట్టిన పంచెతో వచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

"గోదాము పని రేపే మొదలుపెడదామా అమ్మా?"

శివపార్వతి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి తూచింది.

"ఎల్లుండి పెట్టుకుందామండీ. రేపు మీరు మంచం మీదనుంచి లేవరు," అంది.

తాళ్లు చుడుతున్న భీమప్ప, ఎద్దులకిచ్చినట్టే సావుకారికి కూడా వారానికో రోజు సెలవియ్యాలని అన్నాడు.